ధ్యానంలో శబ్దం వినిపిస్తుందా?
అంధక బౌద్ధుల వాదాలు, నేటి మనశ్శాస్త్రం

మన చరిత్ర మాస్టారి స్మారకోపన్యాసం చేయమని నిర్వాహకులు అడిగినప్పుడు దాన్ని నేను గౌరవంగానూ బాధ్యతగానూ స్వీకరించాను. ఆయన చరిత్ర పాఠాన్ని మన కృష్ణా ఏటిగట్టు నుంచే మొదలుపెట్టేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ సాయంత్రం నేను ఎంచుకున్న విషయం కూడా ఈ గట్టుదే. మనసును గురించి ఈ నేల మీద జరిగిన వాదాలకూ, ఇవాళ ప్రపంచంలోని ప్రయోగశాలల్లో మనసు మీద జరుగుతున్న పరిశోధనకూ ఉన్న సంబంధాన్ని మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

మన కృష్ణ దిగువన బౌద్ధం ఎక్కడుందని అడిగితే చూపించడానికి చాలా ఉన్నాయి. ఘంటసాలలో మహాచైత్యం ఉంది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఒక వర్తక కేంద్రంగా పేర్కొన్న కొంటకొస్సిల ఈ ఘంటసాలే. ఏటికి ఆవల భట్టిప్రోలు ఉంది. అక్కడ 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటి మీది అక్షరాల్లో కుబిరకుడనే రాజు పేరు చదివారు. గుడివాడ దిబ్బ సరేసరి. 19వ శతాబ్దంలో భట్టిప్రోలు స్తూపం ఇటుకలూ రాళ్లూ రోడ్డు పనులకూ కాలువ పనులకూ తరలిపోయాయి. మిగిలినదాన్ని కంచె వేసి కాపాడుకుంటున్నాం. అది మంచి పనే. కానీ ఆ స్తూపాల నీడన కూర్చున్నవాళ్లు ఏమి ఆలోచించారో, దేని గురించి ఒకరితో ఒకరు విభేదించారో మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా కనిపించదు. రాయిని గుర్తుపెట్టుకున్నాం, వాదాన్ని మరిచిపోయాం. ఈ మరపు చిన్నది కాదని నా నమ్మకం.

ఆ వాదాల వాతావరణం ఎలాంటిదో తెలియాలంటే నాగార్జునకొండలోని ఒక శాసనాన్ని చూడాలి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించింది. సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చుళధమ్మగిరి మీద ఒక చైత్యగృహం కట్టించింది. కాశ్మీర, గాంధార, చీన దేశాలను ధర్మంలోకి తెచ్చినవారని ఆ ఆచార్యులను శాసనం కీర్తిస్తుంది. అదే శాసనం ఆమె చేసిన ఇతర దానాలను చెబుతూ, కంటకసెలలోని మహాచైత్యపు తూర్పు ద్వారం దగ్గర రాతిమండపం కట్టించిందని పేర్కొంటుంది. కంటకసెల అంటే మన ఘంటసాల. నాగార్జునకొండలోనే అపరశైలుల విహారం ఉంది. పూర్వశైలుల పేరు నందిగామ వైపు అల్లూరు శాసనంలో కనిపిస్తుంది. అంటే సింహళ థేరవాదులూ, వాళ్లతో సిద్ధాంతంలో విభేదించే ఆంధ్ర శాఖలవాళ్లూ ఒకే లోయలో, ఒకే నది వెంట బతికారు. ఆ రోజుల్లో ఇక్కడి భిక్షువుకు ఎదుటి పక్షం ఎక్కడో దూరదేశంలో లేదు, పక్క కొండ మీదే ఉంది.

ఆ ఎదుటి పక్షాల వాదాలన్నీ ఒకచోట పేర్చిన పుస్తకం ఒకటి పాలిలో మిగిలింది. అభిధమ్మ పిటకంలోని కథావత్థు. అశోకుడి కాలంలో మొగ్గలిపుత్త తిస్సుడు దీన్ని కూర్చాడని సంప్రదాయం. తర్వాత కాలంలోనూ అందులో వాదాలు చేరుతూ వచ్చాయని పరిశోధకుల అభిప్రాయం. రెండువందలకు పైగా వివాదాలున్న ఆ గ్రంథంలో ఎవరి వాదం ఏదో పేర్లుండవు. పేర్లు చెప్పేది తర్వాత వచ్చిన అట్ఠకథ. బుద్ధఘోషుడి పేర నిలిచిన ఆ వ్యాఖ్య ఎన్నో చోట్ల ఈ మతం అంధకులది అని ముద్ర వేస్తుంది. అంధకులంటే పూర్వశైలులు, అపరశైలులు, రాజగిరికులు, సిద్ధార్థకులు అని విడమరుస్తుంది. మన ప్రాంతపు శాఖల గొంతు ఆ విధంగా ప్రత్యర్థి పుస్తకంలో, ప్రత్యర్థి మాటల్లో మనకు దక్కింది. ఓడిన పక్షంగానే దక్కింది. అయినా దక్కింది కాబట్టి ఈ రోజు మాట్లాడుకోగలుగుతున్నాం.

అందులో ఒక వాదం నన్ను ఎన్నాళ్లుగానో వెంటాడుతోంది. ధ్యానంలో లీనమైనవాడికి శబ్దం వినిపిస్తుందా? పూర్వశైలులు వినిపిస్తుందన్నారు. వాళ్ల తర్కం సూటిగా ఉంటుంది. మొదటి ధ్యానానికి శబ్దం ముల్లు వంటిదని బుద్ధుడే అన్నాడు. వినిపించని శబ్దం ముల్లు ఎలా అవుతుంది? గుచ్చుకోవాలంటే తగలాలి కదా. థేరవాది దీన్ని ఒప్పుకోడు. శబ్దం వింటున్నాడంటే రూపం కూడా చూస్తున్నాడా, వాసన కూడా పీలుస్తున్నాడా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. శ్రోత్రవిజ్ఞానం వేరు, ధ్యానచిత్తం వేరు. చిత్తం ఒక ఆలంబనం మీద నిలిచి ఉండగా మరో ద్వారం ఎలా తెరుచుకుంటుందంటాడు. మరి ముల్లు మాటేమిటంటే, పెద్ద చప్పుడు చెవిన పడితే సాధకుడు ధ్యానం నుంచి లేచిపోతాడు, విన్నది లేచిన తర్వాతే అని వ్యాఖ్య సర్దిచెబుతుంది. మహాపరినిబ్బాన సుత్తంలో ధ్యానాచార్యుడు ఆళార కాలాముడి కథ ఈ పక్షానికి బలం ఇస్తుంది. ఐదువందల బండ్లు పక్కనుంచి వెళ్లినా, మెలకువగా ఉండి కూడా ఆయన చూడలేదు, వినలేదు.

ఇది పనిలేని పండితుల వితండమని కొట్టివేయవచ్చు. కానీ 1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో బి. కె. ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అనే శాస్త్రజ్ఞులు సరిగ్గా ఇదే ప్రశ్న యోగులను అడిగారు. నోటితో అడగలేదు, తలకు ఎలక్ట్రోడులు పెట్టి ఈఈజీ యంత్రంతో అడిగారు. మామూలుగా కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నవారి మెదడులో ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి. చప్పుడు చేస్తే, వెలుగు చూపిస్తే ఆ లయ తెగుతుంది. సమాధిలో ఉన్న ఆ యోగుల మీద చప్పుడు, వెలుగు, వేడి ప్రయోగించినా ఆల్ఫా లయ తెగలేదని వాళ్లు రాశారు. ఆళార కాలాముడి పక్షం గెలిచినట్టే అనిపించింది. ఐదేళ్ల తర్వాత 1966లో టోక్యో నుంచి కసమత్సు, హిరాయ్ అనే ఇద్దరు వైద్యులు జెన్ సాధువుల మీద చేసిన ప్రయోగం ప్రకటించారు. జాజెన్‌లో, అంటే కూర్చుని చేసే జెన్ ధ్యానంలో ఉన్నవారికి టిక్కుమని శబ్దం వినిపిస్తే ఆల్ఫా తెగింది. అంతేకాదు, అదే శబ్దం మళ్లీ మళ్లీ వినిపిస్తే మామూలు మనుషుల మెదడు కొద్దిసేపటికి అలవాటుపడి స్పందించడం మానేస్తుంది; జెన్ సాధువుల మెదడు ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే స్పందించింది. ఇక్కడ గెలిచింది పూర్వశైలులు.

అప్పటినుంచి పాఠ్యగ్రంథాలు ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి, యోగం లోకాన్ని మూసేస్తుంది, జెన్ లోకానికి తెరుచుకుంటుంది అని అందంగా ముగించడం మొదలుపెట్టాయి. 1981లో బెకర్, షపీరో అనే పరిశోధకులు యోగ, జెన్, భావాతీత ధ్యాన సాధకులందరినీ ఒకే పద్ధతిలో పరీక్షించారు. శబ్దానికి వాళ్ల మెదళ్ల స్పందనలో అలాంటి తేడాలేవీ కనిపించలేదు. కథ మళ్లీ మొదటికొచ్చింది. వాదం ఇంకా ముగియలేదు. వీటిలో ఏ పక్షం సరైనదని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. అల్లూరు దగ్గరో నాగార్జునకొండలోనో కూర్చున్న ఒక భిక్షువు వేసిన ప్రశ్న, యంత్రం లేకుండా కేవలం పరిశీలనతో, తర్కంతో వేసిన ప్రశ్న, ప్రయోగానికి నిలబడగలిగేంత పదునుగా ఉంది. సమాధానం తప్పయినా ఒప్పయినా ప్రశ్న సరైనది. శాస్త్రంలో సగం పని అదే.

ఇక్కడ పడమటి మనశ్శాస్త్రం నడిచిన దారిని కొంచెం గుర్తు చేసుకోవాలి. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల తెరిచినప్పుడు మనసును మనసే పరిశీలించడం, అంటే అంతఃపరిశీలన, ముఖ్యమైన పద్ధతుల్లో ఒకటి. శిక్షణ పొందిన పరిశీలకులు తమ లోపల జరుగుతున్నది చెప్పేవారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో పెద్ద చిక్కు వచ్చింది. ఆలోచన ఏ బింబమూ లేకుండా సాగగలదని జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పరిశీలకులు చెప్పారు. అలాంటిదేమీ లేదని అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో టిచ్‌నర్ దగ్గర శిక్షణ పొందినవాళ్లు చెప్పారు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరూ శిక్షణ పొందినవారే. ఎవరిని నమ్మాలి? 1913లో జాన్ వాట్సన్ అసలు అంతఃపరిశీలనే వద్దన్నాడు. మనిషి ప్రవర్తన చూద్దాం, లోపలి సంగతి వదిలేద్దామన్నాడు. తర్వాత దాదాపు అర్ధశతాబ్దం అమెరికా మనశ్శాస్త్రంలో చైతన్యం అన్న మాట ఎత్తడానికే జంకారు.

మన బౌద్ధ శాఖలకూ ఇదే చిక్కు వచ్చింది. శిక్షణ పొందిన సాధకులే భిన్నమైన మాటలు చెప్పారు. అయినా వాళ్లు లోచూపును పారేయలేదు, ఎదుటివాడిని పరిహసించి ఊరుకోలేదు. ప్రతిపాదన ఏమిటో ముందు ఒప్పించడం, దాని నుంచి వచ్చే పర్యవసానాలను ఒక్కొక్కటే ఒప్పించడం, వైరుధ్యం దగ్గర నిలదీయడం, తర్వాత ఎదుటివాడు అదే పద్ధతిలో తిరిగి నిలదీయడానికి చోటివ్వడం. కథావత్థు నడక అంతా ఇదే. చదవడానికి విసుగ్గా ఉంటుంది, నిజమే. ఒకే వాక్యం నాలుగు రకాలుగా తిరిగి వస్తుంది. కానీ లోపలి అనుభవం మీద విభేదించినవాళ్లు ఒకరినొకరు వదిలేయకుండా ఉండటానికి మనుషులు కనిపెట్టిన అతి పాత పద్ధతుల్లో అదొకటి. బౌద్ధ మనోవిచారం నుంచి ఆధునిక శాస్త్రం నేర్చుకోవలసిందేమిటని నన్నడిగితే ధ్యానం కంటే ముందు ఈ పద్ధతినే చెబుతాను.

ఇప్పుడు జరుగుతున్న సంభాషణలో మాత్రం ధ్యానానికే పెద్దపీట దక్కింది. 1987లో ధర్మశాలలో దలైలామాతో శాస్త్రవేత్తల తొలి సమావేశం జరిగింది. దాని వెనక ఉన్నవారిలో చిలీ దేశపు జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్కో వరేలా ముఖ్యుడు. 1991లో వరేలా, ఈవాన్ థాంప్సన్, ఎలినార్ రాష్ కలిసి 'ది ఎంబాడీడ్ మైండ్' రాశారు. మనసు శరీరంలో, లోకంతో వ్యవహారంలో రూపుదిద్దుకుంటుందని చెప్పిన ఆ పుస్తకం చివరి భాగంలో ఆధారంగా నిలిచింది శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే మన నాగార్జునుడి మధ్యమక దర్శనం. అనుభవాన్ని క్రమశిక్షణతో వర్ణించడాన్నీ, మెదడు కొలతలనూ జోడించాలని వరేలా 1996లో ఒక ప్రణాళికే ప్రతిపాదించాడు. తర్వాత విస్కాన్సిన్‌లో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం చాలా దూరం వెళ్లింది. 2007లో ఆ బృందం ప్రకటించిన ఒక ప్రయోగం చూడండి. తెర మీద అక్షరాలు వేగంగా మారుతూ ఉంటే వాటి మధ్య వచ్చే రెండు అంకెలను పట్టుకోవాలి. మొదటిది పట్టుకున్న అర సెకను లోపు రెండోది వస్తే మామూలుగా మనం దాన్ని చూడలేం. మూడు నెలలు విపస్సన సాధన చేసిన తర్వాత సాధకులు ఆ రెండో అంకెను ఎక్కువసార్లు పట్టుకోగలిగారు. ఒక చిత్తం మొదటి వస్తువుకు ఎంతసేపు అతుక్కుని ఉంటుందన్నది ఇక్కడి ప్రశ్న. ఒకే చిత్తం ఒక పగలంతా నిలవగలదని అంధకులు, క్షణంలో పుట్టి క్షణంలో నశిస్తుందని థేరవాదులు వాదించుకున్నదీ దీని దగ్గరి విషయమే.

ఇదంతా విలువైన పని. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వేలాదిగా వచ్చిన జనాన్ని చూసి మన నేల మీదికి ధర్మం తిరిగివచ్చిందని ఎందరో సంతోషించారు. నేనూ సంతోషించాను. కానీ ప్రయోగశాలల్లోనూ, ఉత్సవాల్లోనూ సాధకుడి మెదడు కొలతకు దొరికినంతగా బౌద్ధ తార్కికుడి ప్రశ్న చర్చకు దొరకడం లేదు. సాధన ఒత్తిడి తగ్గిస్తుందా, నిద్ర పట్టిస్తుందా అన్న దగ్గరే చాలా పరిశోధన ఆగిపోతోంది. శాస్త్రం చెప్పినదంతా బుద్ధుడు ముందే చెప్పాడనే మాట మన సభల్లో చప్పట్లు కొట్టిస్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఏ బుద్ధుడు, ఏ శాఖ బుద్ధుడు? పూర్వశైలుల బుద్ధుడా, థేరవాదుల బుద్ధుడా? వరేలాతో కలిసి పుస్తకం రాసిన థాంప్సనే 2020లో మరో పుస్తకం రాసి, బౌద్ధం మతం కాదు, మనోవిజ్ఞానమే అనే ఆధునిక ధోరణిని తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శలో చాలా భాగంతో నేను ఏకీభవిస్తాను. బౌద్ధుల లక్ష్యం దుఃఖవిముక్తి. దాన్ని దాచిపెట్టి కేవలం మెదడుశాస్త్రంగా చూపిస్తే బౌద్ధానికీ శాస్త్రానికీ రెండింటికీ అన్యాయమే.

వాదం తిరిగి మొదలైతే ఎంత లోతుకు వెళ్లగలమో చూపించే మరో ఉదాహరణ ఉంది. సంస్కారాలన్నీ అనిత్యమని ఒకడు చూస్తున్నాడు. అన్నీ అంటే ఆ చూపు కూడా వాటిలో ఒకటే. అయితే ఆ చూపు తనను తాను చూస్తోందా? చూస్తుందని అంధకుల మతం. థేరవాది నవ్వకుండా అడుగుతాడు: వేలికొన అదే వేలికొనను తాకుతుందా, కత్తి అదే కత్తిని కోస్తుందా? జ్ఞానం తనను తాను ఎరుగుతుందనే ఈ ఊహ అంధకులు చెందిన మహాసాంఘిక శాఖల్లో మొలకెత్తి, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి చేతుల్లో స్వసంవేదన సిద్ధాంతంగా ఎదిగిందని యావో జిహువా అనే పండితుడు 2005లో ఒక గ్రంథంలో వాదించాడు. దిఙ్నాగుడు హేతువిద్యను రచించిన చోటు వేంగి రాజధానికి నైరుతి దిక్కున ఉన్న కొండ అని 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ రాశాడు. ఆ కొండ ఏదైనా, మన పొరుగు నేల మీదే.

దిఙ్నాగుడి వాదం రెండు మెట్లుగా నడుస్తుంది. మొదటి జ్ఞానాన్ని తెలుసుకోవడానికి రెండోది కావాలంటే, ఆ రెండోదానికి మూడోది కావాలి, అంతు ఉండదు. రెండో మెట్టు జ్ఞాపకం. నిన్న చూసిన ఏటిని ఈ రోజు తలచుకుంటే ఏరొక్కటే గుర్తుకు రాదు, నేను చూశానన్నదీ గుర్తుకొస్తుంది. అనుభవించనిది గుర్తుకు రాదు కాబట్టి చూసినప్పుడే ఆ చూపు తనను తాను ఎరిగి ఉండాలి. నాగార్జునుడి బాటలో నడిచిన చంద్రకీర్తి, శాంతిదేవుడు దీన్ని ఖండించారు, మళ్లీ ఆ కత్తినీ వేలికొననే ఎత్తుకుని. ఇవాళ తత్త్వవేత్త డేవిడ్ రోజెన్‌తాల్ ఒక మానసిక స్థితి స్పృహలోకి రావాలంటే దాన్ని గురించిన మరో తలపు ఉండాలంటాడు. డాన్ జహావి, అలా కాదు, ప్రతి అనుభవంలోనూ ఒక ముందస్తు స్వీయస్పృహ ఇమిడే ఉంటుందంటాడు. 2010లో స్టీఫెన్ ఫ్లెమింగ్ బృందం, తమ తీర్పు ఎంత సరైనదో తామే సరిగ్గా అంచనా వేయగలవారి మెదడు ముందుభాగంలో బూడిదరంగు పదార్థం ఎక్కువగా ఉన్నట్టు కనుగొంది. ఇది రెండో తలపు పక్షానికి సాక్ష్యమా? కొందరు అవునంటారు. దిఙ్నాగుడు ఉంటే వెంటనే అడ్డుతగిలేవాడు: మీరు కొలిచింది తీర్పును గురించిన తీర్పు, నేను మాట్లాడింది చూపులోనే ఉన్న ఎరుక; రెండూ ఒకటని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నకు ప్రయోగశాల ఇంకా జవాబు చెప్పలేదు. అడిగితే కదా చెప్పేది.

ఈ అడగడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కోస్తా డెల్టాలో పుట్టిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో పరామనోవిజ్ఞాన శాఖను స్థాపించారు, తర్వాత ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 2002లో చైతన్యం మీద పడమటి దృక్పథాలనూ యోగ, వేదాంత, బౌద్ధ దృక్పథాలనూ ఎదురెదురుగా నిలిపిన పెద్ద గ్రంథం ప్రకటించారు. పరామనోవిజ్ఞానం మీద శాస్త్రలోకానికి ఉన్న సందేహాలు నాకూ ఉన్నాయి. కానీ భారతీయ మనోవిచారాన్ని మ్యూజియం వస్తువుగా కాక ఎదుటి పక్షంగా చూడాలని ఆయన పట్టుపట్టిన తీరు మనం కాపాడుకోవలసిన వారసత్వం. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కొత్త సచ్చిదానందమూర్తి 1971లో నేషనల్ బుక్ ట్రస్టుకు నాగార్జునుడి మీద రాసిన చిన్న పుస్తకం కూడా అలాంటి పనే. 2011లో మూర్తిగారు, 2021లో రామకృష్ణారావుగారు వెళ్లిపోయారు. వారి కుర్చీలు ఖాళీగా ఉండకూడదు.

అందుకే ఈ వేదిక మీద నుంచి నేను కోరేవి కొన్నే. మన విశ్వవిద్యాలయాల్లో తత్త్వశాస్త్ర శాఖా, మనశ్శాస్త్ర శాఖా ఒకే కారిడార్లో ఉండి కూడా ఒకరి తరగతికి ఒకరు వెళ్లరు. కనీసం ఒక సెమిస్టరు వారిద్దరూ కలిసి కథావత్థు నుంచి పది వాదాలు ఎంచి, ఒక్కొక్కదాని పక్కన నేటి ప్రయోగాన్ని పెట్టి చదివించాలి. పాలి తెలిసినవారూ ఈఈజీ యంత్రం నడపగలిగినవారూ మన రాష్ట్రంలోనే ఉన్నారు, వారిని కలిపే పని ఎవరో ఒకరు చేయాలి. అంధకుల వాదాలను వివరణతో సులభమైన తెలుగులో ఒక చిన్న పుస్తకంగా తేవాలి. దాని ఖర్చుకు మాస్టారి శిష్యులు ముందుకొస్తే అదే ఆయనకు సరైన స్మృతి. ఘంటసాల మ్యూజియానికి వెళ్లే పిల్లలకు స్తూపం కొలతలతో పాటు ధ్యానంలో శబ్దం వినిపిస్తుందా అన్న ప్రశ్ననూ చెప్పండి. వాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పూర్వశైలుల పక్షం, మరో జట్టుకు థేరవాదుల పక్షం ఇచ్చి వాదించమనండి. తర్వాత జట్లు మార్చి, మొదట కాదన్న పక్షాన్నే ఈసారి నిలబెట్టమనండి. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.